కణం పెరగడం, కణాల సంఖ్య పెరగడం, కణం రకమే మారిపోవడం: ఎవరు ఏ దారి పడతారు?

తూనీగ:
అందరికీ నమస్కారం. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పాథాలజీలో ఇప్పుడు కణాల అనుకూలతల పాఠం నడుస్తోంది. హైపర్‌ట్రోఫీ అంటే కణం సైజు పెరగడం, హైపర్‌ప్లేసియా అంటే కణాల సంఖ్య పెరగడం, అట్రోఫీ అంటే చిక్కిపోవడం, మెటాప్లేసియా అంటే ఒక రకం కణాలు ఉండాల్సిన చోట ఇంకో రకం రావడం. నిర్వచనాలు నోటికి వచ్చేశాయి. కానీ పని ఎక్కువైతే గుండె గోడ మందమవుతుంది, లివర్ మాత్రం కొత్త కణాలు పుట్టిస్తుంది. ఏ అవయవం ఏ దారి పట్టాలో ఎలా తేలుతుంది? ఇంకో సందేహం. ఇవన్నీ జబ్బులా, లేక జబ్బు పడకుండా శరీరం చేసుకునే సర్దుబాట్లా? పుస్తకంలో రెండు మాటలూ పక్కపక్కనే రాశారు, అందుకే అడుగుతున్నాను.

పాతకాపు:
అమ్మా, చాలా ఏళ్లు పాథాలజీ పాఠం చెప్పి రిటైరయ్యాను. నిర్వచనాలు వచ్చాక ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. అడిగావు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు చూడాల్సింది ఆ కణానికి విభజన చెందే శక్తి మిగిలి ఉందా లేదా అన్నది. ఇటలీకి చెందిన బిజ్జోజెరో 1894లోనే కణజాలాలను ఈ లెక్కన మూడు గుంపులు చేశాడు. చర్మం పైపొర, పేగు లోపలి పొర, ఎముక మజ్జ ఎప్పుడూ విడిపోతూనే ఉంటాయి. లివర్ కణాలు, కిడ్నీ నాళికల కణాలు మామూలుగా విభజన ఆపుకుని ఉంటాయి, అవసరం వస్తే మళ్లీ మొదలుపెడతాయి. నాడీ కణాలు, గుండె కండర కణాలు దాదాపుగా విభజన మానేసినవి. మొదటి రెండు గుంపుల మీద భారం పడితే సంఖ్య పెంచుకోగలవు. మూడో గుంపుకు ఆ దారి లేదు. ఉన్న కణమే లోపల ప్రోటీన్లు ఎక్కువగా తయారుచేసుకుని లావెక్కాలి. గుండె కథ అదే.

అయితే రెండూ కలిసి జరిగే చోట్లు కూడా చాలా ఉన్నాయి. గర్భాశయం చూడు. గర్భం రాకముందు సుమారు 70 గ్రాములు, నెలలు నిండేసరికి ఇంచుమించు 1,100 గ్రాములు. ఈస్ట్రోజెన్ ప్రభావం వల్ల మొదట్లో కొత్త కండర కణాలు కొన్ని పుడతాయి. తర్వాత ఉన్న కణాలే విపరీతంగా సాగుతాయి. సూక్ష్మదర్శిని కింద మామూలు గర్భాశయం ముక్కనూ కాన్పు దగ్గరి ముక్కనూ పక్కపక్కన పెడితే ఒకే అవయవం అంటే నమ్మలేం. మొదటిదాంట్లో సన్నని కదురు ఆకారపు కణాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. రెండోదాంట్లో ఒక్కో కణం చూపు చాలినంత దూరం పోతుంది, మధ్యలో కేంద్రకం బొద్దుగా కనిపిస్తుంది. కాన్పయ్యాక ఆరు వారాల్లో అదంతా దాదాపు పాత సైజుకు వచ్చేస్తుంది. కణాలు చచ్చిపోవడం వల్ల కాదు, లోపలి సరుకును తామే కరిగించుకుని కుదించుకుపోవడం వల్ల.

జబ్బా, సర్దుబాటా అన్న రెండో ప్రశ్నకు గర్భాశయం మంచి ఉదాహరణ. అంత మార్పు జరిగినా అది జబ్బు కాదు. గుండెలో దానికంటే చిన్న మార్పు ప్రాణం మీదికి తెస్తుంది. మార్పు ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు. దాన్ని తెచ్చిన కారణం ఎంతకాలం ఉంది, తీసేస్తే వెనక్కి వస్తుందా అన్నవే నేను చూసే రెండు విషయాలు.

సెల్‌బయో:
పాతకాపు గారు "దాదాపుగా" అన్న మాట వాడటం బాగుంది. గుండె కణాలు అస్సలు విడిపోవని చాలాకాలం అనుకున్నారు. 2009లో స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా సంస్థ బృందం దాన్ని కొలిచింది. కొలిచిన పద్ధతే అద్భుతం. అణుపరీక్షలను కట్టడి చేసిన 1963 ఒప్పందానికి ముందు జరిగిన పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పుడు గాలిలో ఉన్న మోతాదే దాని డీఎన్‌ఏలో నిలిచిపోతుంది. అంటే డీఎన్‌ఏను చూసి ఆ కణం ఏ ఏడాది పుట్టిందో అంచనా కట్టవచ్చు. పాతికేళ్ల వయసులో గుండె కండర కణాలు ఏడాదికి సుమారు 1 శాతం, 75 ఏళ్లకు 0.45 శాతం చొప్పున మారుతున్నాయని తేలింది. జీవితకాలం మొత్తం కలిపినా సగం కూడా మారవు. హార్ట్ ఎటాక్‌లో పోయిన కండరాన్ని పూడ్చడానికి ఇది చాలదు.

ఇంకో సంగతి. లావెక్కిన గుండె కణాలు విభజన పూర్తి చేయవు గానీ డీఎన్‌ఏను మాత్రం కాపీ చేసుకుంటాయి. అందుకే కొన్ని కేంద్రకాల్లో మామూలుకంటే రెండింతలు, నాలుగింతలు డీఎన్‌ఏ ఉంటుంది. అంత పెద్ద కణాన్ని నడపాలంటే తయారీ సూచనలు కూడా ఎక్కువ కాపీలు కావాలి మరి.

తూనీగ:
లివర్ కణాలు సంఖ్యే పెంచుకుంటాయి, లావెక్కవు అని రాసుకోవచ్చా?

సెల్‌బయో:
అలా రాయకండి. పాత పాఠం 1931 నాటి హిగ్గిన్స్, ఆండర్సన్ ప్రయోగం నుంచి వచ్చింది. ఎలుక లివర్‌లో మూడింట రెండు వంతులు కోసి తీసేస్తే వారం పది రోజుల్లో బరువు మళ్లీ పూర్తవుతుంది. తీసేసిన తమ్మెలు (లివర్ భాగాలు) మళ్లీ మొలవవు, మిగిలిన తమ్మెలే పెరుగుతాయి. అయితే 2012లో చుంచెలుకల మీద చేసిన పరిశోధనలో లివర్‌లో 30 శాతం మాత్రమే తీసేస్తే కణాలు విభజన జోలికి పోకుండా లావెక్కి సరిపెట్టాయి. 70 శాతం తీసినప్పుడు ముందు లావెక్కి, ఆ తర్వాత విభజన మొదలుపెట్టాయి. విభజన శక్తి ఉన్న కణం కూడా మొదట చవకైన దారే పడుతుందని నాకు దీని నుంచి అర్థమవుతుంది. పరీక్షలో మాత్రం "లివర్: కాంపెన్సేటరీ హైపర్‌ప్లేసియా" అనే రాయండి, మార్కులు దానికే.

నీలిమేఘం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాన్నగారికి చాలా ఏళ్లుగా బీపీ ఉంది. మందులు మానేస్తూ, మళ్లీ వేసుకుంటూ గడిపారు. మొన్న ఎకో (గుండె స్కాన్) చేయిస్తే "కాన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్", అంటే ఎడమ జఠరిక గోడ మందమైందని రాశారు, గోడ మందం 14 మిల్లీమీటర్లు. కండరం బలిసిందంటే గుండె బలంగా ఉన్నట్టే కదా అని నాన్న ధీమాగా ఉన్నారు. ఇంట్లో మాకేమో టెన్షన్. ఇది మంచిదా చెడ్డదా?

పాతకాపు:
నీలిమేఘం గారూ, నాన్నగారి ధీమా సహజమే గానీ దాన్ని మీరు సున్నితంగా సరిచేయాలి. మందులు మానకూడదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఆయనకు చదివి వినిపించండి.

ఎడమ జఠరిక గోడ మామూలుగా ఒక సెంటీమీటరు లోపు ఉంటుంది. బీపీ ఎక్కువైతే ప్రతి కొట్టుకూ ఎక్కువ ఒత్తిడికి ఎదురు తోయాలి. దాంతో గుండె కణం లోపల సంకోచించే పోగులు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటాయి. కణం అడ్డంగా లావవుతుంది, గోడ మందమవుతుంది, లోపలి గది ఇరుకవుతుంది. కాన్సెంట్రిక్ అంటే ఇదే. కవాటం లీకై రక్తం ఎక్కువగా వచ్చి పడుతుంటే పోగులు ఒకదాని చివర ఒకటి చేరతాయి, కణం పొడుగవుతుంది, గది వెడల్పవుతుంది. అది ఎక్సెంట్రిక్. భారం ఏ రకానిదో పెరిగిన తీరు చూస్తే తెలిసిపోతుంది.

మొదట్లో ఇది నిజంగా మేలే చేస్తుంది. గోడ మందమైతే ఒక్కో పోగు మీద పడే బిగువు తగ్గుతుంది. చిక్కు తర్వాత వస్తుంది. కణం లావెక్కినంత వేగంగా కేశనాళికలు పెరగవు. ఇల్లు పెద్దదైంది గానీ నీళ్ల పైపు పాతదే. కణం నడిమధ్యకు ఆక్సిజన్ చేరడం కష్టమవుతుంది. కణాల మధ్య పీచు పదార్థం పేరుకుంటుంది, గోడ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన గుండె నొక్కగలదు గానీ, సరిగా వదులై రక్తం నింపుకోలేదు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం చాలామందిలో అక్కడ మొదలవుతుంది. ఇంకా లోపలికి వెళితే, పిండ దశలో పనిచేసి ఆగిపోయిన కొన్ని జన్యువులు మళ్లీ తెరుచుకుంటాయి. నెమ్మదిగా, తక్కువ శక్తితో పనిచేసే రకం మయోసిన్ (కండరాన్ని సంకోచింపజేసే ప్రోటీన్) తయారవుతుంది. పొదుపుకు అది పనికొస్తుంది గానీ బలానికి కాదు.

స్లైడ్‌లో ఈ కణాలను గుర్తుపట్టడం తేలిక. మామూలు గుండె కణంలో కేంద్రకం కోలగా, లేతగా ఉంటుంది. బీపీ గుండెలో అది ముదురు రంగులో, చివరలు చదునుగా, రైలు పెట్టెలా దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది. బాక్స్‌కార్ న్యూక్లియస్ అంటాం. ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు.

ఇప్పుడు మంచి మాట. బీపీ అదుపులోకి వస్తే నెలల్లో, ఏళ్లలో ఈ మందం తగ్గుతుంది. ఏసీఈ ఇన్‌హిబిటర్లు, ఏఆర్‌బీలు వంటి బీపీ మందులతో తగ్గడం బాగా నమోదైన విషయమే. పీచు మాత్రం అంత తేలిగ్గా పోదు. అందుకే ముందుగా మొదలుపెట్టడం ముఖ్యం. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ కార్డియాలజిస్టుతోనే మాట్లాడండి.

నీలిమేఘం:
చాలా థాంక్స్ సర్. ఒక చిన్న ప్రశ్న. ఆటగాళ్ల గుండె కూడా పెద్దదవుతుంది కదా, వాళ్లకు ఎందుకు హాని లేదు? నాన్న ఇదే అడుగుతారు.

సెల్‌బయో:
వాళ్ల గుండెకు భారం విడతలు విడతలుగా పడుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది. బీపీ భారం నిద్రలో కూడా దిగదు. ఆటగాళ్లలో కణం పెరిగితే కేశనాళికలు కూడా దాంతోపాటే పెరుగుతాయి, పీచు చేరడం మామూలుగా ఉండదు, ఆ పాత పిండ జన్యువులు తెరుచుకోవు. సాధన ఆపితే గోడ మళ్లీ పల్చబడుతుంది. నిజానికి రెండు రకాల్లో కణం లోపల మోగే సంకేతాలే వేరు. వ్యాయామంలో ఇన్సులిన్ లాంటి గ్రోత్ ఫ్యాక్టర్ దారి ప్రధానం. బీపీలో యాంజియోటెన్సిన్, ఎండోథెలిన్ వంటివి వెళ్లే దారి వేరు. పైకి రెండూ "గుండె లావైంది" అనే కనిపిస్తాయి.

మిణుగురు:
జిమ్‌లో కండలు పెరగడం కూడా హైపర్‌ట్రోఫీయేనా? కొత్త కండర కణాలు పుడతాయని మా ట్రైనర్ చెప్పాడు.

చిరుగాలి:
ఫిజియోథెరపిస్టుగా జవాబిస్తాను. ప్రధానంగా హైపర్‌ట్రోఫీయే. కండర పోగుల సంఖ్య పెద్దగా మారదు, ఒక్కో పోగు లావవుతుంది. మీ ట్రైనర్ మాటలో కొంత నిజం ఉంది. పోగు అంచుకు అతుక్కుని శాటిలైట్ కణాలు ఉంటాయి. వాటిని 1961లో మౌరో కనుగొన్నాడు. కసరత్తు చేస్తే అవి విభజన చెంది, పాత పోగుల్లో కలిసిపోయి తమ కేంద్రకాలను ఇస్తాయి. కొత్త పోగు పుట్టదు, పాత పోగుకు కొత్త కేంద్రకాలు వస్తాయి. ఇంకోటి, మొదటి కొన్ని వారాల్లో ఎత్తే బరువు పెరగడం కండరం వల్ల కాదు, నరాలు పోగులను బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల. అద్దంలో తేడా కనపడలేదని మానేసేవాళ్లను చూస్తుంటాను, బాధేస్తుంది.

అసలు నేను రాయాలనుకున్నది అట్రోఫీ గురించి. ఎవరూ ఎత్తలేదు.

కాలికి కట్టు విప్పిన రోజు పేషెంట్ ముఖం చూడాలి. పిక్క సన్నబడి, చర్మం వదులై, "నా కాలేనా ఇది" అని అడుగుతారు. కణాలు చచ్చిపోయాయని భయపడతారు. ఆ వారాల్లో కండర పోగులు దాదాపు అన్నీ బతికే ఉంటాయి, సన్నబడ్డాయంతే. వాడకం లేని కండరంలో ప్రోటీన్ తయారీ తగ్గుతుంది, విరగ్గొట్టడం పెరుగుతుంది. విరగ్గొట్టాల్సిన ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న ముద్ర పడుతుంది, ముద్ర పడినదాన్ని ప్రోటియాజోమ్ ముక్కలు చేస్తుంది. ఆ ముద్ర సంగతి కనిపెట్టిన సీకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. వాడకం ఆగిన కండరంలో అట్రోజిన్-1, మర్ఫ్-1 అనే రెండు ఎంజైములు ఈ ముద్ర వేసే పనిని పెంచుతాయని 2001లో తెలిసింది. అందుకే కట్టు లోపలే, కీలు కదలకుండా తొడ కండరాన్ని బిగించి వదలమని చెబుతాం. డాక్టరు ఒప్పుకుంటే దాన్ని మొదటి వారం నుంచే చేయండి. బిగించడం ఒక్కటే అయినా కండరానికి పని ఉందన్న సంకేతం అందుతుంది.

నరం తెగినప్పటి సంగతి వేరు. అక్కడ కండరానికి నరం నుంచి వచ్చే సంకేతమే ఆగిపోతుంది. చిక్కడం చాలా వేగంగా ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర దాటినా నరం చేరకపోతే కండరం పీచుగా, కొవ్వుగా మారి, తర్వాత నరం వచ్చినా పలకదు. సర్జరీ వాయిదా వేయకండి అని మొత్తుకునేది అందుకే.

పాతకాపు:
చిరుగాలి గారు మంచి విషయం ఎత్తారు. ముద్ర వేసి విరగ్గొట్టడంతో పాటు కణం తన భాగాలను సంచుల్లో చుట్టి జీర్ణం చేసుకునే ఆటోఫేజీ కూడా ఉంది. ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది దాని మీదే. జీర్ణం కాని మడ్డి లిపోఫ్యూసిన్ అనే గోధుమరంగు రేణువులుగా మిగులుతుంది. బాగా ముసలివాళ్లలో, దీర్ఘరోగాలతో చిక్కినవాళ్లలో గుండె గోధుమరంగుకు తిరిగి చిన్నదై కనిపించేది దీనివల్లే.

తూనీగా, వార్డులో నీకు పనికొచ్చే అట్రోఫీ ఒకటి చెబుతాను, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడితే పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ తగ్గిపోతుంది. ఆ హార్మోన్ అందక అడ్రినల్ గ్రంథి కార్టెక్స్ చిక్కిపోతుంది. బయటినుంచి మందు అందుతున్నంతకాలం తేడా తెలియదు. ఒక్కసారిగా ఆపేస్తే ఆ చిక్కిన గ్రంథి వెంటనే కార్టిజాల్ ఇవ్వలేదు. బీపీ పడిపోయి పేషెంట్ కుప్పకూలవచ్చు. "బాగానే ఉంది కదా అని మానేశాను" అని ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు, వెంటనే డాక్టరుకు చెప్పు.

గడ్డిపూవు:
ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఈరోజు నా సంగతి అడుగుతున్నాను. ఏళ్ల తరబడి గుండెల్లో మంట. ఎండోస్కోపీలో ముక్క తీశారు. రిపోర్టులో "బ్యారెట్స్, ఇంటెస్టినల్ మెటాప్లేసియా, నో డిస్ప్లేసియా" అని ఉంది. నెట్‌లో చూస్తే క్యాన్సర్ అనే మాటే ముందు వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు. మెటాప్లేసియా అంటే క్యాన్సర్ మొదలైనట్టేనా?

పాతకాపు:
కాదు. ముందు ఆ మాట మనసులో పెట్టుకోండి, తర్వాత మిగతాది చదవండి.

అన్నవాహిక లోపలి పొర చర్మం లాంటి పలకల కణాలతో ఉంటుంది. ఆహారం రాపిడికి తట్టుకుంటుంది గానీ ఆమ్లానికి తట్టుకోదు. ఆమ్లం, పైత్యరసం రోజూ పైకి తన్నుతుంటే ఆ చోట పేగు తరహా పొర వస్తుంది. అందులో జిగురు నింపుకున్న గాబ్లెట్ కణాలు ఉంటాయి. ఆల్షియన్ బ్లూ రంగు వేస్తే అవి నీలిరంగు బుడగల్లా మెరుస్తాయి. మీ రిపోర్టు రాసినవాళ్లు చూసింది వాటినే. ఆ జిగురు పొర ఆమ్లాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. అంటే శరీరం తనను కాపాడుకునే ప్రయత్నమే ఇది.

మరి క్యాన్సర్ మాట ఎందుకు వస్తుందంటే, కారణం కొనసాగితే అదే పొరలో కణాల అమరిక చెదిరి డిస్ప్లేసియా రావచ్చు, అక్కడినుంచి క్యాన్సర్ రావచ్చు. "రావచ్చు" అన్నది ఎంత? డెన్మార్క్‌లో 11 వేలకు పైగా బ్యారెట్ పేషెంట్ల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో ఏడాదికి 0.12 శాతం. అంటే 860 మందిని ఒక ఏడాది గమనిస్తే ఒకరికి. మీ రిపోర్టులో డిస్ప్లేసియా లేదని స్పష్టంగా ఉంది. మంట తగ్గే మందు క్రమం తప్పకుండా వాడండి, పొగ తాగే అలవాటు ఉంటే మానండి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోండి. డిస్ప్లేసియా లేనివాళ్లకు మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకోసారి చూస్తారు. ఒకవేళ ఎప్పుడైనా డిస్ప్లేసియా కనిపించినా, ఆ పొరను ఎండోస్కోపీ ద్వారానే కాల్చి తీసేసే చికిత్స ఉంది.

గడ్డిపూవు:
"కాదు" అన్న ఒక్క మాటకే ఊపిరి వచ్చింది సర్. అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

తూనీగ:
సర్, ఒక పలకల కణం నిజంగానే పేగు కణంగా మారిపోతుందా?

సెల్‌బయో:
ఇక్కడ చాలామంది పొరబడతారు. పూర్తిగా ఎదిగిన కణం వేషం మార్చుకోదు. కింద ఉన్న మూలకణాలు ఇకపై వేరే రకం పిల్లకణాలను తయారుచేయడం మొదలుపెడతాయి. పాత పొర రాలిపోతుంది, కొత్త రకం పైకి వస్తుంది. ఏ జన్యువులు తెరవాలో చెప్పే మాస్టర్ స్విచ్‌లు మారడమే అసలు సంగతి. బ్యారెట్‌లో సీడీఎక్స్-2 అనే స్విచ్ పనిచేస్తుంది. అది మామూలుగా పేగుకే పరిమితం.

ఆ మూలకణం ఎక్కడిది అన్నదాని మీద చాలాకాలం తగువు నడిచింది. 1950లో లండన్ సర్జన్ నార్మన్ బ్యారెట్ ఇది రాసినప్పుడు, ఇది అన్నవాహిక కాదు, పైకి లాగబడిన జీర్ణాశయం అనుకున్నాడు. 1953లో అలిసన్, జాన్‌స్టోన్ అది అన్నవాహికే, పొర మాత్రమే మారిందని చూపించారు. తర్వాత బ్యారెట్ కూడా ఒప్పుకున్నాడు. ఇప్పుడు విచిత్రం ఏమిటంటే, 2021లో ఒక్కో కణాన్నీ విడిగా చదివిన పరిశోధన ఈ పొర మూలం జీర్ణాశయం పైభాగమైన కార్డియా కణాల్లో ఉందని చూపింది. అంటే అన్నవాహిక కణాలు మారలేదు, పక్కింటి కణాలు పైకి పాకి వచ్చి, ఆ పైన పేగు తరహాకు మారాయన్నమాట.

పాతకాపు:
పరీక్ష రాసే పిల్లలకు దీంతో గందరగోళం వద్దు సెల్‌బయో గారూ. పాఠ్యపుస్తకం ఇంకా దీన్ని పలకల పొర నుంచి స్తంభాకార పొరకు మారిన మెటాప్లేసియాగానే చెబుతోంది.

సెల్‌బయో:
చెప్పనివ్వండి సర్, కానీ పిల్లలకు ఈ తగువు తెలియాలి. మూలకణం ఎక్కడుందో తెలిస్తేనే దాన్ని తీసేసే చికిత్స సరిగా కుదురుతుంది.

పాతకాపు:
దానికి నేనూ ఒప్పుకుంటాను.

తిరగేసిన ఉదాహరణ ఒకటి. పొగ తాగేవాళ్ల శ్వాసనాళంలో సీలియా (సన్నని వెంట్రుకల్లాంటివి) ఉన్న స్తంభాకార కణాల బదులు పలకల కణాలు వస్తాయి. పొగకు అవి బాగానే తట్టుకుంటాయి. కానీ కళ్లెను పైకి తోసే సీలియా పోతుంది. అందుకే ఆ దగ్గు. విటమిన్-ఎ లోపంలో కూడా ఇదే జరుగుతుంది. 1925లో వోల్‌బాక్, హౌ అనే ఇద్దరు విటమిన్-ఎ లేకుండా పెంచిన ఎలుకల్లో శ్వాసనాళం, మూత్రనాళం, లాలాజల గ్రంథులు అన్నిచోట్లా పలకల కణాలు రావడం చూశారు. పిల్లల కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి త్రికోణపు మచ్చ, బిటో స్పాట్ అంటామే, అది ఈ మార్పు బయటికి కనిపించే చోటు. విటమిన్ అందిస్తే పొర తిరిగి మామూలవుతుంది.

తూనీగ:
గర్భాశయ ముఖద్వారం దగ్గర మెటాప్లేసియా మామూలే అని చదివాను. అది కూడా ప్రమాదమా?

వెన్నెల:
గైనిక్ ఓపీలో రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ వల్ల ముఖద్వారం లోపలి స్తంభాకార పొర బయటికి తిరుగుతుంది. యోనిలోని ఆమ్లం తగిలి ఆ చోట పలకల పొర ఏర్పడుతుంది. ఇది ప్రతి స్త్రీలోనూ జరిగే మామూలు మార్పు. ఆ మారే పట్టీని ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ అంటాం. రిపోర్టులో "స్క్వామస్ మెటాప్లేసియా" అని మాత్రమే ఉంటే కంగారు పడాల్సింది లేదు. అయితే ఎదుగుతున్న ఆ కణాల్లోకి హెచ్‌పీవీ వైరస్ తేలిగ్గా దూరుతుంది. వైరస్ కొన్నేళ్లు తిష్ఠ వేస్తే డిస్ప్లేసియా, ఆ తర్వాత క్యాన్సర్. ఈ సంబంధాన్ని తేల్చినందుకే హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. పాప్ స్మియర్ (ముఖద్వారం కణాలను గీకి తీసి చూసే పరీక్ష) బ్రష్ సరిగ్గా ఆ పట్టీనే గీకాలి, అక్కడ కణాలు రాకపోతే పరీక్ష లోటుగానే మిగులుతుంది. తేలికపాటి డిస్ప్లేసియా, అంటే సీఐఎన్-1, చాలామందిలో దానంతట అదే తగ్గిపోతుంది. టీకా, స్క్రీనింగ్ రెండూ ఉన్న ఈ క్యాన్సర్‌తో స్త్రీలు ఇంకా చనిపోతున్నారంటే నాకు కోపం వస్తుంది.

హైపర్‌ప్లేసియా గురించి కూడా రెండు మాటలు. ప్రోజెస్టెరోన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలాకాలం పనిచేస్తే గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. అందులో "ఎటిపియా", అంటే కణాల రూపం అసహజంగా ఉందని రాస్తే ఆలస్యం చేయకూడదు, క్యాన్సర్ ముప్పు నిజంగా ఉంటుంది. అదే పెద్ద వయసు మగవాళ్ల ప్రోస్టేట్ హైపర్‌ప్లేసియా మూత్రానికి ఇబ్బంది పెడుతుంది గానీ అది క్యాన్సర్‌గా మారదు. ఒకే పదం, రెండు అవయవాల్లో రెండు అర్థాలు తెస్తుంది. రిపోర్టులో పదం ఒక్కటే చూసి భయపడటం, ధైర్యపడటం రెండూ సరికావు.

మిణుగురు:
బరువు తగ్గితే కొవ్వు కణాల సంఖ్య తగ్గుతుందా?

సెల్‌బయో:
తగ్గదు. పెద్దవాళ్లలో సంఖ్య ఇంచుమించు స్థిరం, ఏడాదికి సుమారు 10 శాతం పాతవి పోయి అంతే కొత్తవి వస్తాయి. ఇదీ కార్బన్-14తో కొలిచిందే, 2008లో. బరువు తగ్గితే ఒక్కో కణం చిన్నదవుతుంది.

నీలిమేఘం:
నాన్నకు మొత్తం చదివి వినిపించాను. రైలు పెట్టె కేంద్రకం దగ్గర ఆగి మళ్లీ చదవమన్నారు. మాత్రల డబ్బా ఇప్పుడు ఆయన పక్కనే ఉంటోంది. చివరగా ఒకటి. మా పిన్ని తన కూతురికి ఒక కిడ్నీ ఇచ్చింది. మిగిలిన కిడ్నీ లివర్‌లా కొత్త భాగాలు పుట్టించుకుంటుందా?

పాతకాపు:
పుట్టించుకోదు. కిడ్నీలో వడపోత చేసే నెఫ్రాన్లు పుట్టకముందే తయారవడం ముగుస్తుంది, ఆ తర్వాత కొత్తవి రావు. మిగిలిన కిడ్నీలో ఉన్న నెఫ్రాన్లే పెద్దవవుతాయి. వడపోసే గుత్తులు లావవుతాయి, నాళికల కణాలు ప్రధానంగా సైజు పెంచుకుంటాయి, కొంత విభజన కూడా ఉంటుంది. ఫలితంగా వడపోత సగానికి పడిపోకుండా, రెండు కిడ్నీలు ఉన్నప్పటి దానిలో 60 నుంచి 70 శాతం దగ్గర నిలబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న దాతలకు అది చాలు, చాలామంది మామూలుగా జీవిస్తారు. కాకపోతే ఒక్కో నెఫ్రాన్ మీద పని ఎక్కువ కాబట్టి బీపీ, షుగర్ ఆ కిడ్నీ జోలికి రానివ్వకూడదు. మీ పిన్నిగారిని ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోమనండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దని కూడా చెప్పండి.